అంచులు కత్తిరించిన స్టాంపు

కోరుట్లలో మా తమ్ముడు పాత ఇల్లు విప్పి కొత్తది కట్టుకుంటున్నాడు. అది పూర్తయ్యేదాకా అమ్మా నాయినా జగిత్యాలలో నా దగ్గర ఉండటానికి వచ్చారు. ఎవరికీ అక్కరలేని వస్తువులన్నీ ఆడబిడ్డ ఇంటికే చేరాలన్న నియమమేదో ఉన్నట్టు, వాళ్ళ వెంట అమ్మమ్మ కాలం నాటి రేకు పెట్టె కూడా ఆటోలో వచ్చి దిగింది. దాన్ని తుడుద్దామని మూత ఎత్తానో లేదో, తడిసి ఆరిన తునికాకు, తంబాకు, పాత చీరల మడతల్లో కరిగిపోయిన కలరా ఉండలు, అన్నీ కలిసిన వాసన ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. నలభైకి చేరువై, బడిలో నలభై మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే పంతులమ్మను, ఆ వాసన ముందు తొమ్మిదేళ్ళ పిల్లనై నేల మీద చతికిలబడ్డాను. పొగచూరి నల్లబడ్డ ఆ మూత లోపల, నడిమధ్యన, బొటనవేలంత చోటు మాత్రం పసిమిగా ఉంది. తేరిపార చూస్తే దాని అంచుల వెంట చిన్న చిన్న పళ్ళ గుర్తులు కూడా కనిపిస్తాయి. ఒకప్పుడు అక్కడొక స్టాంపు ఉండేది. దాన్ని పాడు చేసింది నేనే.

నా బతుకులో మొదటి జ్ఞాపకం చప్పుడు. సిరిసిల్లలో మేము అద్దెకున్న గదికి గోడ అవతలే సాంచాలు ఉండేవి. కరెంటు మగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. నాయిన వాటి మీదే పని చేసేవాడు. తెల్లవారింది మొదలు గోడ అదిరేది, చెంబులో నీళ్ళు వణికేవి, అమ్మ మమ్మల్ని అన్నానికి చేత్తో సైగ చేసి పిలిచేది. ఆ చప్పుడుకు అలవాటు పడి మా ఇంట్లో అందరమూ గొంతు చించుకునే మాట్లాడేవాళ్ళం. పెళ్ళికో పేరంటానికో పోతే, వీళ్ళు ఎందుకు కొట్లాడుకుంటున్నారో అని చుట్టాలు కంగారు పడేవారు. సాయంత్రం నాయిన కనుబొమ్మల మీద దూది నూగు పట్టుకుని వస్తే, తమ్ముడూ నేనూ చెరొక కనుబొమ్మా పంచుకుని ఊదేవాళ్ళం.

తర్వాత ఒక్కొక్క సాంచా ఆగిపోవడం మొదలైంది. ఎందుకాగాయో మాకెవరూ చెప్పలేదు. నూలు ధర అని, గుడ్డ అమ్ముడుపోవడం లేదని పెద్దవాళ్ళు అరుగుల మీద మాట్లాడుకునేవారు. చప్పుడు పోయాక మా గొంతులు మాకే పెద్దగా వినపడి సిగ్గేసేది. మా వాడలో కొందరు భీవండి పోయారు, కొందరు సూరత్ పోయారు. ఇంకో రెండిళ్ళ ముందు మాత్రం ఒక్కో పొద్దున జనం గుమిగూడారు. ఆ ఇళ్ళ సంగతి మేము దగ్గరికి పోగానే పెద్దవాళ్ళు మాట మార్చేవారు. ఆ రెండో ఇంట్లో ఏడ్చి వచ్చిన రోజున అమ్మ మూట కట్టింది. నాయిన వద్దనలేదు. అలా మేము కోరుట్లలోని అమ్మమ్మ ఇంటికి వచ్చిపడ్డాం.

సిరిసిల్ల నాకు చప్పుడైతే కోరుట్ల వాసన. అమ్మమ్మ వాడలో ఏ అరుగు చూసినా ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేవారు. రాత్రి నీళ్ళలో తడిపిన తునికాకును తెల్లవారి తడి గోనెపట్టాలో చుట్టిపెడితే అది గుడ్డలా మెత్తబడేది. ఫర్మా అనే చిన్న రేకుముక్కను ఆకు మీద పెట్టి, దాని చుట్టూ కత్తెర నడిపించి, ఈనెలూ చిరుగులూ తీసేసి, తంబాకు పరిచి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచేదాకా అమ్మ చేతులు ఎక్కడా ఆగేవి కావు. ఆమె మాత్రం పక్కింటి అక్కతో ముచ్చట పెడుతూ, పొయ్యి మీద పప్పును కనిపెడుతూ, అరుగు దిగి ఉరికే తమ్ముణ్ణి తిడుతూనే ఉండేది. ఆడపిల్ల చేతికి కత్తెర ఇవ్వడం ఆ వాడలో చిన్న విషయం కాదు. ఆ ఎండాకాలమే నాకూ ఒక కత్తెర చేతికొచ్చింది. బొటనవేలు పొక్కి, పగిలి, కాయ కాసేదాకా కత్తిరించాను. అమ్మ నేర్పిన మొదటి పాఠం ఇప్పటికీ చెవిలో ఉంది. "అంచు సాఫ్‌గ లేకుంటె కార్ఖానల నలిపి పారేస్తరు బిడ్డ. చిన్న చిరుగు గూడ ఉండొద్దు."

అట్లని ఆ రోజులన్నీ ఏడుపులేనని అనుకోవద్దు. వానలు పడగానే వాడంతా మక్కకంకులు కాల్చిన వాసన లేచేది. మొగురం స్తంభం దగ్గర గచ్చు మీద బొగ్గుతో గీసుకున్న పచ్చీసు గళ్ళు తుడవడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. చింతగింజలను అరగదీసి పాచికలు చేసుకుని, ఓడిన వాళ్ళు గెలిచిన వాళ్ళ ఆకుకట్ట ఒకటి కత్తిరించి పెట్టాలని పందెం కాసేవాళ్ళం. బతుకమ్మ తొమ్మిది రోజులూ అమ్మ తంబాకు చేతులను సున్నిపిండితో తోమి తోమి కడుక్కుని, నువ్వుల సత్తు, పెసర సత్తు, పల్లీల సత్తు దంచేది. రొట్టె బెల్లం నలిపి మలీద ముద్దలు కట్టేది. ఎంత కడిగినా ఆ ముద్దల్లో తునికాకు వాసన ఒకింత ఉండేదని తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు. నాకు మాత్రం ఆ వాసన లేని మలీద మలీదే కాదు.

అమ్మమ్మ ఇంట్లో అందరికంటే గొప్పగా బతికింది ఆ రేకు పెట్టె. నేను పుట్టకముందే పోయిన తాత, అంటే అమ్మ నాయిన, గొల్లపల్లి దిక్కు కరువు పడ్డ ఏడాది బొంబాయి పోయి ఓడరేవులో మూటలు మోశాడు. ఏళ్ళ తర్వాత ఆయన తెచ్చుకున్న ఆస్తి ఆ పెట్టె, దగ్గు, మూత లోపల అన్నం మెతుకులతో అతికించిన ఒక ఎర్ర స్టాంపు. ఏ ఆఫీసు చెత్తలో దొరికిందో, ఎవరు పారేశారో తెలియదు. దాని మీద ఒకామె జుట్టూ బట్టలూ గాలికి ఎగురుతుంటే, చంకన సంచి వేసుకుని, చెయ్యి చాపి విత్తనాలు చల్లుతూ నడిచిపోతుంటుంది. అంచున ఇంగ్లీషు లాంటి అక్షరాలు, పది అంకె. తాత ఆమెను విత్తనాల తల్లి అనేవాడట. దసరా నాడు కత్తెరకూ ఫర్మాకూ బొట్టు పెట్టినప్పుడు అమ్మ ఆ స్టాంపు మూలకు కూడా గోటితో కాసింత కుంకుమ అద్దేది.

అమ్మమ్మకు మాత్రం ఆ తల్లి మీద ఏ గౌరవమూ లేదు. పొలాల్లో కైకిలి, అంటే కూలి, చేసి జుట్టు నెరిసిన మనిషి ఆమె. పెట్టె మూత లేచినప్పుడల్లా నోట్లోని ఆకువక్క ఒక దవడకు తోసి తిట్టేది. "గాలి మొఖానికి కొడుతుంటె ఎవలన్న ఎదురుంగ విత్తనాలు సల్లుతరా? కాళ్ల కింద నేల సుత లేదు. ఈమె కైకిలికి అస్తె నేను గెట్టు మీదికెళ్లే ఎల్లగొడ్దు." మేము పడీ పడీ నవ్వేవాళ్ళం. నిజమే, ఆమె కాళ్ళ కింద నేల గీత కూడా లేదు. ఎర్రటి ఖాళీలో నడుస్తూ ఉంటుంది.

కోరుట్లలో నాయినకు పని దొరకలేదు. సాంచాలు నడిపిన చేతులకు ఆ ఊళ్ళో పనేముంది? అరుగు మీద ఆడవాళ్ళ మధ్య కూర్చోలేక, బజారుకు పోయి, వచ్చి, మళ్ళీ పోయేవాడు. దుబాయి పంపించే ఏజెంటు పేరు ఇంట్లో తరచుగా వినపడసాగింది. అమ్మ ఆ పేరు వినగానే కత్తెర గట్టిగా ఆడించేది. ఒక సాయంత్రం నాయిన తెచ్చిన మిరపకాయ బజ్జీల పొట్లం కాగితం మీద ఒక వార్త ఉంది. ఏదో దేశంలో ఎవరిదో పాత స్టాంపు ఒకటి లక్షలు పలికిందని. నాయిన దాన్ని పైకి చదివి, నూనె తుడిచి మళ్ళీ చదివి, పెట్టె దిక్కు చూశాడు. నేను ఆయన ఒళ్ళో చేరి అడిగాను, మన స్టాంపు కూడా అంత పలికితే దుబాయి పోవుగా అని. "గిది గని గంత పలికితె నేను ఏడికీ పోను బిడ్డ. నీ తోడు," అన్నాడు నవ్వుతూ. పెద్దవాళ్ళు నవ్వుతూ అన్నది పిల్లలు నవ్వుతూ వింటారా? నేను ఆ మాటను పట్టుకుని కూర్చున్నాను. రోజూ బడికి పోయేముందు మూత ఎత్తి ఆమెకు దండం పెట్టుకున్నాను, నాయినను పోనియ్యకమ్మా అని.

జగిత్యాలలో రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన స్టాంపులు పోగు చేస్తాడని, చూసి ఏ దేశానిదో, ఎంత చేస్తుందో చెబుతాడని బజారులో ఎవరో అన్నారు. ఆదివారం పోదామని నాయిన, నన్నూ తీసుకుపోవాలని నేను. అమ్మ ఆకు మెత్తబెట్టినట్టే తడి గోనెముక్కను స్టాంపు మీద అద్దిపెట్టి, గంట తర్వాత గోటి కొసతో దాన్ని నిదానంగా లేపింది. ఆరడానికి నా సోషల్ పుస్తకంలో పెట్టింది. శనివారం మధ్యాహ్నం, అమ్మ కార్ఖానాకు బీడీలు అప్పజెప్పడానికి పోయినప్పుడు, నేను పుస్తకం తెరిచి చూశాను. దాని అంచులన్నీ గరుకుగా పళ్ళు పళ్ళుగా ఉన్నాయి. ఒక మూల రెండు పళ్ళు విరిగి కూడా ఉన్నాయి. ఇంత చిరుగు అంచుతో పోతే ఆ సారు నలిపి పారేయడూ? నా కత్తెర తెచ్చుకుని, ఊపిరి బిగబట్టి, బొమ్మ చుట్టూ ఉన్న గీత వెంట నాలుగు దిక్కులా కత్తిరించాను. జన్మలో ఏ ఆకునూ అంత శ్రద్ధగా కోయలేదు. పళ్ళన్నీ ఊడ్చి పొయ్యిలో వేసి, స్టాంపును మళ్ళీ పుస్తకంలో పెట్టేసి, రేపు సారు ముందు నాయిన నన్ను చూసి మురిసిపోవాలని ఎవరికీ చెప్పలేదు.

కోరుట్ల నుంచి జగిత్యాల ఎంత దూరమని? అయినా అది నా మొదటి ప్రయాణమన్నట్టే కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడవునా మామిడితోటలు, లారీలకెత్తుతున్న కాయల గంపలు. పోస్టుమాస్టరు గారు బనీను మీద తువ్వాలు వేసుకున్న బక్కపలచటి మనిషి. భూతద్దం తీసి, స్టాంపును చిమటాతో పట్టుకుని, వెనక్కి తిప్పి, వెలుతురుకు పెట్టి, చివరకు అడిగాడు.

"దీని పండ్లేవి?"

"నేనే కత్తిరించిన సార్. సాఫ్‌గ," అన్నాను, గొంతు నిండా గర్వంతో.

ఆయన భూతద్దం దించాడు. "అయ్యో తల్లీ, పండ్లు పోతె స్టాంపు విలువ పోయినట్టే గదా," అన్నాడు మెల్లగా. నాయిన నా ముఖం చూశాడు. నేను నేల చూశాను. పోస్టుమాస్టరు భార్య నన్ను లోపలికి పిలిచి మామిడిపండు కోసిపెట్టింది. నేను ముక్క చేత్తో పట్టుకునే కూర్చున్నాను. బయట అరుగు మీద వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. నాకు వినపడలేదు. తిరుగు బస్సులో ఎక్కిళ్ళు పెట్టి ఏడుస్తుంటే నాయిన నా తల తన వైపు లాక్కుని ఒకే ఒక్క మాట అన్నాడు. "కత్తెర మంచిగ పట్టినవ్ బిడ్డ. ఒక్క అంచు గూడ వంకర పోలే."

పది రోజుల తర్వాత నాయిన దుబాయి పోయాడు. ఎందుకు పోయాడో వాడలో అందరికీ ఒక కారణం తెలుసు, నాకొక్కదానికి ఇంకో కారణం తెలుసు. ఎర్ర నీలి అంచుల కవర్లలో ఆయన ఉత్తరాలు వచ్చేవి. వాటి మీద డేగలూ, ఒంటెలూ, పడవలూ ఉన్న స్టాంపులు. ప్రతి ఉత్తరం చివర నా పేరిట ఒక వాక్యం ఉండేది, "స్టాంపు పండ్లు పైలం బిడ్డ" అని. జాగ్రత్త అని ఆయన ఆటపట్టించడానికి రాశాడు. నేను దాన్ని చదివినప్పుడల్లా గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. రెండేళ్ళకొకసారి వచ్చి, నెల ఉండి పోయేవాడు. అమ్మమ్మ పోయిన నాడు ఆయన లేడు. నేను పదో తరగతి పాసైన నాడు లేడు. తమ్ముడి గొంతు మారడం ఆయన ఫోనులోనే విన్నాడు. ఆ లేకపోవడాలన్నిటినీ నా కత్తెర ఖాతాలోనే వేసుకున్నాను. ఆ ముచ్చట మాత్రం ఎవరి ముందూ ఎత్తలేదు, నాయిన ముందు అసలే ఎత్తలేదు. స్టాంపును నా సర్టిఫికెట్ల మధ్య దాచుకుని ఎక్కడికి పోయినా తీసుకుపోయాను.

పెట్టె వచ్చిన వారానికి బడి పని మీద హైదరాబాదు పోవలసి వచ్చింది. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత నాణేలూ స్టాంపులూ పరుచుకుని కూర్చున్న ఒక పెద్దాయన ముందు, ముప్పై ఏళ్ళ తర్వాత, దాన్ని మళ్ళీ బయటికి తీశాను. ఆయన ఒక్క చూపులో ఫ్రాన్సుదని చెప్పేశాడు. ఈ బొమ్మలో ముందు చూడాల్సింది కాళ్ళ కింద నేల ఉందా లేదా అనేనట. నేల ఉన్న రకం కొద్దికాలమే అచ్చయింది కాబట్టి దొరికితే కాస్త మేలట. నేల లేని ఈ ఎర్ర రకం ఏళ్ళ తరబడి లెక్కలేనంత అచ్చయిందట. అమ్మమ్మ గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. "పళ్ళున్నా దీనికి చాయ్ పైసలు రావమ్మా. కావాలంటే గుప్పెడు ఇస్తా," అన్నాడు. తర్వాత భూతద్దం పెట్టి అంచులు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. పళ్ళు లేకుండా అచ్చయిన అరుదైన రకమని నమ్మించడానికి కొందరు మోసగాళ్ళు ఇట్లా కోస్తారట. "ఎవరు కోశారో గానీ, తిరిగిన చెయ్యి." బీడీల చెయ్యి అని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. నేను అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడి, పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఇంటికి రాగానే, వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నాయిన ముందు స్టాంపు పెట్టి, ఇది ఎప్పుడూ ఉత్తదేనట అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకు గా దినమే ఎర్క బిడ్డ. సారు అరుగు మీదనే చెప్పిండు, పండ్లున్నా గంతే అని."

"మరి నాకెందుకు చెప్పలే?"

"అడిగినప్పుడు చెప్తననుకున్న. నువ్వు మళ్ల దాని ముచ్చటనే తియ్యకపోతివి. నా ఉత్తరాలు చదివి నవ్వుకుంటున్నవనుకున్న."

నేను కత్తిరించినందుకే నువ్వు దుబాయి పోయినవనుకున్నాను నాయినా, ఇన్నేళ్ళూ, అన్నాను. ఆయన చేతిలోని చిక్కుడుకాయ అట్లాగే ఆగిపోయింది. తల అడ్డంగా ఊపాడు. "వీసా గా శుక్రారమే అచ్చింది. గా పెట్టెల్నే, అడుగున, మీ అమ్మ చీరెల కింద దాచిన. నేను పోవుడు ఆగేది కాకుండె."

"మరి జగిత్యాల ఎందుకు పోయినం?"

"నిన్ను పక్కన కూసోవెట్టుకొని ఒక్క దినమన్న బస్సుల పోవాల్నని ఉండె. మళ్ల ఎప్పుడో, ఏమోనని."

లోపలి నుంచి అన్నీ విన్న అమ్మ వచ్చి, ముప్పై ఏళ్ళు గిది కడుపుల వెట్టుకున్నవా పిచ్చిదానా అని నన్ను తిట్టి, కళ్ళొత్తుకుంటూ వంటింట్లోకి పోయింది. ఆమె వేళ్ళ కొసలు ఇప్పుడు తెల్లగా ఉంటాయి. కోరుట్ల వాడలో బీడీ చాటలతో కూర్చునే అరుగులు లేవు, అరుగులే లేవు. మా తమ్ముడి పిల్లలకు పచ్చీసు గళ్ళు తెలియవు, స్టాంపు అంటే ఏమిటో నేను చెబితే తప్ప తెలియదు. దుబాయి నుంచి వాళ్ళ మేనమామ రోజూ ఫోనులో ముఖం చూపిస్తాడు. సిరిసిల్లలో మా గది ఉన్న చోట ఇప్పుడు ఏముందో నేను పోయి చూడలేదు.

అమ్మ నాలుగు మెతుకులు అరచేతిలో పెట్టుకుని వచ్చింది. వాటిని వేలితో నలిపి, తాత పెట్టిన చోటే స్టాంపును అద్దాను. అది ఆ పసిమి చోటంతా నిండలేదు. నాలుగు దిక్కులా సన్నటి అంచు మిగిలిపోయింది, పళ్ళ గుర్తులతో సహా. నాయిన కళ్ళజోడు సవరించుకుని వంగి, ఆ అంచు వెంట చూపుడువేలు చుట్టూ తిప్పాడు.

"పండ్లు ఏడికి పోయినయి బిడ్డ," అన్నాడు. "ఈడనే ఉన్నయి గద."